కన్‌స్ట్రక్టెడ్ వెట్‌ల్యాండ్‌కు కంప్యూటర్ మోడల్: ఎక్సెల్‌తో ఎలా మొదలుపెట్టాలి

మొక్కల సాయంతో మురుగునీటిని శుద్ధి చేసేందుకు కట్టే ఏర్పాటే కన్‌స్ట్రక్టెడ్ వెట్‌ల్యాండ్. “వెట్‌ల్యాండ్ డిజైన్‌కు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి సార్?” ఎంటెక్ ప్రాజెక్టు పెట్టుకున్న పిల్లలు అడిగేదీ ఇదే, హైదరాబాద్ శివార్లలో తెల్లాపూర్, బాచుపల్లి వైపు అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లు అడిగేదీ ఇదే. నా జవాబు చాలామందికి రుచించదు. ముందు ఎక్సెల్ చాలు. హైడ్రస్ లాంటి (మట్టిలో, కంకరలో నీటి కదలికను లెక్కించే) పెద్ద ప్యాకేజీలు తర్వాతి మాట, అదీ అవసరం పడితేనే. సాఫ్ట్‌వేర్ ఖరీదైనదైతే లెక్క తప్పదని చాలామంది ధీమా. నిజానికి లెక్క తప్పేది లోపల వేసే అంకెల దగ్గరే.

ఇక్కడ చెప్పేది ఒక్క రకం గురించే: కంకర నింపిన బెడ్‌లో మురుగునీరు పైకి కనబడకుండా అడ్డంగా పారుతుంది, పైన జమ్ము, మెట్టతామర లాంటివి పెరుగుతాయి. నెక్నాంపూర్ చెరువులో 2018లో వదిలిన తేలియాడే వెట్‌ల్యాండ్ వేరే జాతి. దానికి ఈ లెక్క పనికిరాదు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రెఆఫీస్ కాల్క్‌లలో ఏదైనా. పైథాన్ వచ్చినా మొదటిసారి షీట్‌లోనే చేయండి. ప్రతి అంకె కళ్లముందు ఉంటుంది.
- రోజుకు ఎన్ని నీళ్లు వస్తున్నాయో కనీసం రెండు వారాల రికార్డు.
- సెప్టిక్ ట్యాంకు లేదా సెట్లింగ్ ట్యాంకు దాటాక తీసిన నీళ్ల ల్యాబ్ రిపోర్టులు: బీఓడీ (బ్యాక్టీరియా తినగలిగే మురికి ఎంతుందో చెప్పే కొలత), సీఓడీ (రసాయనాలతో తేల్చే మొత్తం మురికి కొలత), టీఎస్ఎస్ (నీళ్లలో తేలియాడే నలుసులు), అమ్మోనియా, టీడీఎస్ (కరిగిన లవణాలు).
- నెలవారీ వాన, ఆవిరి అంకెలు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దశాబ్దాల వాతావరణ రికార్డులున్నాయి.
- మీ పర్మిషన్ కాగితం. బయటికి వదిలే నీటికి హద్దు ఎంతో అందులో ఉన్నదే లెక్క. 2017 అక్టోబర్ నాటి కేంద్ర నోటిఫికేషన్ మెట్రో నగరాలకు బీఓడీ లీటరుకు 20 మి.గ్రా. అంటుంది. 2019 ఏప్రిల్ 30న ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 10 అంది. ఈ రెండింటి మధ్య తేడా ఎంత పెద్దదో 5వ మెట్టులో తెలుస్తుంది.
- ఒక బకెట్, వాడబోయే కంకర కొంచెం.

1. నీళ్లు కొలవండి

మనిషికి 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు అనే లెక్క కాగితానికి బాగుంటుంది. హైదరాబాద్‌లో ట్యాంకర్ తెప్పించుకునే కాలనీ వాడకం ఒకలా, నల్లా నీళ్లు దండిగా వచ్చే కాలనీ వాడకం ఒకలా ఉంటుంది. సులువైన దారి: మురుగు సంపులోని పంపు రోజుకు ఎన్ని గంటలు నడుస్తోందో రాయించండి. పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు తోడుతుందో, సంపు మట్టం తగ్గడాన్ని టేపుతో కొలిచి ఒకసారి తేల్చండి. పంపు మీద రాసి ఉన్న కెపాసిటీని నమ్మకండి.

సంక్రాంతి, దసరా సెలవుల్లో కొలవకండి. సగం ఫ్లాట్లకు తాళాలుంటాయి, అంకె సగానికి పడిపోతుంది. అయితే ఆ తక్కువ అంకెనూ వేరే గడిలో రాసి ఉంచండి, 6వ మెట్టులో పనికొస్తుంది.

ఇకపై ఉదాహరణకు రోజుకు 20 కిలోలీటర్లు (20 కేఎల్‌డీ), అంటే 20 ఘనపు మీటర్లు, ఏడాదికి 7,300 అనుకుందాం.

2. శాంపిల్ సరిగ్గా తీయించండి

పొద్దున ఎనిమిదింటికి బాత్రూములన్నీ నడుస్తున్నప్పుడు తీసిన ఒక్క సీసా మీ సగటు కాదు. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తీసి, ఐస్ పెట్టెలో ఉంచి, అన్నీ కలిపి ల్యాబ్‌కు పంపండి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్ అయితే మంచిది.

రిపోర్టులో ఒక చిన్న లైను చూడండి. మన ల్యాబులు బీఓడీని 27 డిగ్రీల దగ్గర 3 రోజులకు కొలుస్తాయి. విదేశీ పేపర్లలో ఉండేది 20 డిగ్రీలు, 5 రోజుల బీఓడీ. రెండూ దాదాపు దగ్గరదగ్గరగానే వస్తాయి కాబట్టి మొదటి లెక్కకు ఇబ్బంది లేదు. కానీ ఒకే టేబుల్‌లో రెండింటినీ కలిపేయకండి.

మన ఉదాహరణకు బెడ్‌లోకి వచ్చే బీఓడీ లీటరుకు 150 మి.గ్రా.

3. కంకరలో ఖాళీ ఎంత?

పది లీటర్ల బకెట్‌ను కడిగిన కంకరతో అంచుదాకా నింపండి. కొలత మగ్గుతో నీళ్లు పోస్తూ, కంకర పైకి నీళ్లు కనబడగానే ఆపండి. 3.8 లీటర్లు పట్టాయంటే ఖాళీ 0.38. దుమ్ము, డస్ట్ కలిసిన కంకరైతే ఇది బాగా తగ్గుతుంది. క్రషర్ నుంచి వచ్చిన లోడును కడగకుండా పోయించే కాంట్రాక్టర్లున్నారు. అందుకే షాపులో చూపించిన శాంపిల్‌తో కాకుండా, సైట్‌లో దించిన కుప్పలోంచి తీసిన కంకరతో చేయండి.

4. విస్తీర్ణం లెక్క

వాడే మోడల్ పేరు పి-కె-సి స్టార్. బెడ్‌ను వరసగా పెట్టిన కొన్ని తొట్లుగా ఊహించుకుంటాం. పి అంటే ఆ తొట్ల సంఖ్య, కె అంటే శుద్ధి వేగం, సి* అంటే ఎంత పెద్ద బెడ్ కట్టినా మిగిలిపోయే బీఓడీ. సెట్లింగ్ మాత్రమే అయిన మురుగుకు, అడ్డంగా పారే బెడ్‌లో మొదలుపెట్టదగిన విలువలు: పి = 3, కె = ఏడాదికి 25 మీటర్లు, సి* = 10.

విస్తీర్ణం = (పి × ఏడాది ప్రవాహం ÷ కె) × (నిష్పత్తికి ఘనమూలం − 1)

నిష్పత్తి = (లోపలి బీఓడీ − సి*) ÷ (బయటి బీఓడీ − సి*)

పి మూడు కాబట్టి ఘనమూలం. పి మారితే మూలమూ దాన్ని బట్టి మారుతుంది.

మన అంకెలతో, బయటికి 20 రావాలంటే: 140 ÷ 10 = 14. దాని ఘనమూలం 2.41. ఒకటి తీస్తే 1.41. ముందున్న భాగం 3 × 7,300 ÷ 25 = 876. మొత్తం 1,235 చదరపు మీటర్లు. కమిటీ మీటింగ్‌లో గజాల్లో చెప్పండి, అప్పుడే నోరు తెరుస్తారు: సుమారు 1,477 గజాలు.

జాగ్రత్తలు ఇక్కడే ఎక్కువ కావాలి.

*రోజు, ఏడాది కలిసిపోవడం.* కె ఏడాదికి 25 అయితే రోజుకు 0.0685. ప్రవాహం రోజు లెక్కలో, కె ఏడాది లెక్కలో వేస్తే బెడ్ మూడున్నర చదరపు మీటర్లకు కుంచించుకుపోతుంది. అంత చిన్నగా వస్తే ఎవరైనా పట్టేస్తారు. పెద్ద షీట్ మధ్యలో ఏదో ఒక గడిలో ఈ తప్పు దూరితేనే దొరకదు. అందుకే ప్రతి గడి పక్కన యూనిట్ రాయండి.

*పాత ఫార్ములా.* లాగరిథంతో ఉండే ఒక సూత్రం నెట్‌లో, పాత నోట్సులో విరివిగా కనబడుతుంది. అందులో శుద్ధి వేగం 20 డిగ్రీల దగ్గర రోజుకు 1.104, ప్రతి డిగ్రీకి 1.06 రెట్లు పెంచమంటారు. మన నీళ్లు 25 డిగ్రీలు, బెడ్ లోతు 0.6 మీటర్లు, ఖాళీ 0.38 అని వేస్తే జవాబు 120 చదరపు మీటర్లు. 143 గజాలు! పైన వచ్చినదానిలో పదో వంతు. కమిటీకి ఇదే నచ్చుతుంది, కాంట్రాక్టర్‌కు అంతకన్నా నచ్చుతుంది. నమ్మకండి. రోజుకు వచ్చే బీఓడీ 20 × 150 = 3,000 గ్రాములు. 120 చదరపు మీటర్లకు పంచితే చదరపు మీటరుకు 25 గ్రాములు. బయటికి 30 రావాలన్నా 6 గ్రాములు దాటొద్దని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2000లోనే చెప్పింది. అంటే కనీసం 500 చదరపు మీటర్లు. ఏ మోడల్ ఏం చెప్పినా ఈ భాగహారం చేసి చూడండి, అర నిమిషం పని.

*ఎండల మీద ఆశ.* హైదరాబాద్ వేడి ఊరు కదా, బ్యాక్టీరియా చురుగ్గా ఉంటుంది, బెడ్ తగ్గించొచ్చు అని వాదిస్తారు. ఈ రకం బెడ్‌లో బీఓడీకి సంబంధించినంతవరకు వేడి వల్ల కలిసొచ్చేది దాదాపు సున్నా అని ఫీల్డ్ డేటా చెబుతోంది. ఉష్ణోగ్రత గుణకం ఒకటి దగ్గరే పెట్టండి. నైట్రోజన్ సంగతి వేరు, అక్కడ కొంత కలిసొస్తుంది.

*ఒక్క అంకెతో ఆగిపోవడం.* కె ఎక్కడా ఒకేలా ఉండదు. 20 వేస్తే 1,544 చదరపు మీటర్లు, 35 వేస్తే 882. ఈ మూడు అంకెలూ రిపోర్టులో ఉండాలి. ఒక్కటే రాసి, దశాంశం తర్వాత రెండు స్థానాలు కూడా పెట్టిన రిపోర్టు కనబడితే నాకు అనుమానం మొదలవుతుంది.

5. సి* దగ్గర బోల్తా పడకండి

మీ హద్దు 10 అయితే? బయటి బీఓడీ గడిలో 10 వేయగానే ఎక్సెల్ భాగహారం కుదరదని ఎర్రర్ చూపిస్తుంది. 10 లోంచి సి* అయిన 10 తీస్తే సున్నా. చాలామంది ఇక్కడ టెన్షన్ పడి సి*ను సున్నా చేసేస్తారు. 1,284 చదరపు మీటర్లని చక్కటి జవాబు వచ్చేస్తుంది. అంత బెడ్ కట్టి, సి*ను మళ్లీ 10 చేసి చూడండి: బయటికి వచ్చేది 19 పైనే.

ఆ ఎర్రర్‌ను చెరపకండి, అది మీకు నిజం చెబుతోంది. ఈ ఒక్క బెడ్‌తో 10 రాదు. దారులు రెండున్నాయి. ముందు నిలువుగా పారే బెడ్, దాని తర్వాత ఈ అడ్డం బెడ్ పెట్టండి. రెండో బెడ్‌కు వచ్చే నీళ్లు అప్పటికే సగం శుభ్రం కాబట్టి దాని సి* 5 వరకు తగ్గుతుంది. లేదా బెడ్ తర్వాత ఇసుక ఫిల్టర్ పెట్టండి.

ఇంకో మాట. మోడల్ ఇచ్చేది సగటు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన తీసేది ఆ రోజు నీళ్లు. హద్దు 20 అయితే డిజైన్ 15కు చేయండి. విస్తీర్ణం 1,784 చదరపు మీటర్లు, అంటే 2,134 గజాలు అవుతుంది. అంత జాగా లేదంటే, లేదన్న సంగతి ఇప్పుడే తెలియడం మేలు.

6. ఎండ, వాన కలపండి

మన ఊళ్లో ఈ మెట్టు దాటేయకూడదు. పైన వాడిన ఫార్ములా లోపలికి ఎన్ని నీళ్లొస్తే బయటికి అన్నే పోతాయనుకుంటుంది. మే నెలలో అలా జరగదు.

షీట్‌లో మూడు వరసలు వేయండి, తొట్టికొకటి. ఒక్కో తొట్టి విస్తీర్ణం మొత్తం 1,235లో మూడో వంతు, 411.7 చదరపు మీటర్లు. ప్రతి వరసలో:

బయటి ప్రవాహం = లోపలి ప్రవాహం − (ఆవిరి − వాన) × తొట్టి విస్తీర్ణం

బయటి బీఓడీ = (లోపలి ప్రవాహం × లోపలి బీఓడీ + కె × విస్తీర్ణం × సి*) ÷ (బయటి ప్రవాహం + కె × విస్తీర్ణం)

అన్నీ రోజు లెక్కలో, మీటర్లలో. ఒక తొట్టి నుంచి వచ్చింది తర్వాతి తొట్టికి లోపలి విలువ.

మేలో రోజుకు 8 మి.మీ. ఆవిరి అని వేసి చూడండి. ప్రవాహం 20 నుంచి 16.7, 13.4, చివరికి 10.1కి దిగుతుంది. సగం నీళ్లు గాల్లో కలిసిపోయాయి. బీఓడీ మాత్రం 150 నుంచి 73, 36, 20. ఆవిరి లేనప్పుడూ చివరికి 20 దగ్గరే ఆగింది. నీళ్లు తగ్గి చిక్కబడటం, ఎక్కువసేపు బెడ్‌లో నిలిచి శుద్ధి కావడం, ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. బీఓడీ ఒక్కటే చూసేవాళ్లకు అంతా సవ్యంగానే కనబడుతుంది.

ఇప్పుడు టీడీఎస్‌కు అదే లెక్క కట్టండి, కె సున్నా వేసి. లోపలికి 900 వస్తే బయటికి 1,780. బోరు నీళ్ల మీద నడిచే కాలనీల్లో మొదటే టీడీఎస్ ఎక్కువ. ఆ నీళ్లు వేసవంతా లాన్‌కు పెడితే ఆకుల అంచులు మాడతాయి. తోటమాలి ఎండ దెబ్బ అంటాడు, ఇంకాసిన్ని నీళ్లు పెడతాడు. పైగా తోటకు 20 కేఎల్‌డీ వస్తాయని లెక్క వేసుకుంటే, నీళ్లు బాగా కావాల్సిన నెలలోనే సగం వస్తాయి. సెలవుల నాటి తక్కువ ప్రవాహాన్ని కూడా ఇక్కడ వేసి చూడండి; మేలో అది 10 కేఎల్‌డీకి పడితే బయటికి దాదాపు ఏమీ రాదు.

వానకు ఈ మూడు వరసలు చాలవు, ఇవి నిలకడ పరిస్థితికి మాత్రమే. 2020 అక్టోబర్ 13న నగరంలో చాలాచోట్ల 200 మి.మీ. పైన పడింది. మన బెడ్ మీద అది 247 ఘనపు మీటర్లు, పన్నెండు రోజుల మురుగుకు సమానం. ఇలాంటి రోజు కోసం గంట గంటకూ నీటి మట్టం లెక్కించే చిన్న షీట్ వేరేగా చేసి, అవుట్‌లెట్ పైపు అంత నీటిని లాగేస్తుందో లేదో చూడండి. చుట్టుపక్కల వాలు నుంచి వచ్చే వరద బెడ్‌లోకి రాకుండా కట్ట ఉండాలి. దాన్ని మోడల్‌లో పెట్టాలని చూడకండి, సైట్‌లో పెట్టండి.

7. పొడవా, వెడల్పా?

విస్తీర్ణం ఒకటే అయినా ఆకారం తేడా చేస్తుంది. నీళ్లు లోపలికొచ్చే ముఖం వెడల్పు తక్కువైతే కంకర అక్కడే పూడుకుపోతుంది. ముఖం విస్తీర్ణంలో చదరపు మీటరుకు రోజుకు 250 గ్రాముల బీఓడీ మించొద్దన్నది పాత హద్దు. 3,000 ÷ 250 = 12 చదరపు మీటర్లు, 0.6 లోతుకు 20 మీటర్ల వెడల్పు, 62 మీటర్ల పొడవు. ఇది చాలదు. కొన్నేళ్లకు పూడిక పట్టి కంకర నీటిని పోనిచ్చే వేగం రోజుకు 100 మీటర్లకు పడిపోయిందనుకోండి. కంకర గుండా నీటి పారుదలకు వాడే డార్సీ సూత్రం ప్రకారం ప్రవాహం 20 × పొడవు 62 ÷ (వేగం 100 × ముఖం 12), సుమారు 1.03 మీటర్ల మట్టం తేడా కావాలి. బెడ్ లోతే 0.6! నీళ్లు పైకి ఉబికి దోమలు, వాసన మొదలవుతాయి.

అదే 50 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల పొడవు పెడితే 17 సెంటీమీటర్లు చాలు. అంత వెడల్పున నీళ్లు సమానంగా పంచడానికి పైపింగ్ జాగ్రత్తగా చేయాలి. లేదంటే రెండు బెడ్లుగా విడదీయండి. ఒకటి బాగుచేస్తుంటే రెండోది నడుస్తుంది.

8. మోడల్‌ను పట్టి చూడండి

రిపోర్టు ప్రింట్ తీసే ముందు ఈ పరీక్షలు పెట్టండి. ఒక్కటి తప్పినా షీట్‌లో ఎక్కడో పొరపాటుంది.

- కె సున్నా, ఆవిరి సున్నా: బయటి బీఓడీ సరిగ్గా 150 రావాలి.
- కె సున్నా, ఆవిరి 8 మి.మీ.: బీఓడీ దాదాపు రెట్టింపు కావాలి. కాకపోతే నీటి లెక్క, బీఓడీ లెక్కతో కలవలేదు.
- కె చాలా పెద్దది, పది లక్షలు: బయటికి 10 రావాలి, అంతకన్నా తగ్గకూడదు.
- ఆవిరి, వాన రెండూ సున్నా: మూడు వరసల జవాబు 4వ మెట్టు ఫార్ములాతో కలవాలి, 20.
- పి మార్చి చూడండి. పి = 1 వేస్తే దాదాపు 3,800 చదరపు మీటర్లు, పి చాలా పెద్దదైతే 771. మీకు నచ్చిన విస్తీర్ణం కోసం పిని పెంచేయాలన్న ఆశ ఇక్కడే పుడుతుంది. పి కావాలంటే ట్రేసర్ టెస్టుతో (నీళ్లలో ఉప్పు లాంటిది కలిపి, అది ఎప్పుడెప్పుడు బయటికొస్తుందో చూసే పరీక్ష, 10వ మెట్టులో ఉంది) తేల్చాలి.
- నిల్వ కాలం: 1,235 × 0.6 × 0.38 ÷ 20 = 14 రోజులు. ఖాళీ 0.38తో గుణించడం మరిచిపోతే 37 రోజులని వస్తుంది. ఈ తప్పు థీసిస్‌లలో కూడా కనబడుతుంది.

9. హైడ్రస్ ఎప్పుడు?

నిలువుగా పారే బెడ్‌లో పంపు విడతలు విడతలుగా నీళ్లు పోస్తుంది, మధ్యలో గాలి దూరుతుంది. పైన చెప్పిన సూత్రానికి అది అందదు. అమ్మోనియా, నైట్రేట్ గంట గంటకూ ఎలా మారతాయో కావాలన్నా అంతే. అప్పుడు హైడ్రస్‌లోని వెట్‌ల్యాండ్ మాడ్యూల్ వాడొచ్చు. అందులో రెండు మోడళ్లుంటాయి. సీడబ్ల్యూ2డీలో 12 పదార్థాలు, 9 ప్రక్రియలు. సీడబ్ల్యూఎం1లో 16 పదార్థాలు, 17 ప్రక్రియలు. ఇన్నింటికీ విలువలు మీ దగ్గర ఉన్న రెండు ల్యాబ్ రిపోర్టుల్లోంచి రావు. డిఫాల్ట్ విలువలతో నడిపి రంగురంగుల బొమ్మలు తీస్తే వైవాలో గట్టెక్కొచ్చు, డిజైన్ మాత్రం ఎక్సెల్ చెప్పినదానికన్నా నమ్మకంగా ఏమీ ఉండదు. వాడక తప్పకపోతే ముందు నీటి కదలికను ఒక్కటే సరిచూసుకోండి. ట్రేసర్ వక్రరేఖ కలిశాకే బ్యాక్టీరియా జోలికి వెళ్లండి.

10. మీ సొంత కె తేల్చడం

చేతిలో ఏడాది ఉంటే సైట్‌లోనే చిన్న బెడ్ పెట్టండి. అదే కంకర, అదే మురుగు, అదే లోతు. పొడవు మాత్రం మీటరుకో రెండు మీటర్లకో తగ్గించకండి. చిన్న తొట్టిలో నీళ్లు కలిసే తీరు వేరు, దాని పి పెద్ద బెడ్‌కు సరిపోదు.

ట్రేసర్‌గా ఉప్పు వాడేటప్పుడు పలచగా కలపండి, చిక్కటి ఉప్పునీరు అడుగుకు దిగి తప్పుడు వక్రరేఖ ఇస్తుంది. అవుట్‌లెట్ దగ్గర కండక్టివిటీ మీటరు పెట్టి, నీళ్లు బయటపడే సగటు కాలం, దాని చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) కనుక్కోండి. సగటు వర్గాన్ని చెదురు వర్గంతో భాగిస్తే తొట్ల సంఖ్య వస్తుంది. బీఓడీకి వాడే పి దానికన్నా తక్కువే ఉండాలి. సులువుగా కరిగేది ముందే కరిగిపోయి మొండిది మిగులుతుంది కదా.

మోడల్ జవాబు మీ రీడింగులతో కలిసేలా చేసే కెను ఎక్సెల్‌లోని సాల్వర్‌తో వెతకండి. వేసవి రీడింగులతో సరిపోల్చి, వానాకాలం రీడింగులతో పరీక్షించండి. ఉన్న డేటా అంతా సరిపోల్చడానికే వాడేస్తే పరీక్షకు ఏమీ మిగలదు. వానాకాలంలో లోపలికి వచ్చే బీఓడీయే పలచబడుతుంది కాబట్టి శాతాలు కాకుండా బయటికి వచ్చిన మి.గ్రా. విలువలే పోల్చండి. మొక్కలు నాటిన తొలి మూడు నాలుగు నెలల రీడింగులు ఈ లెక్కలో కలపొద్దు. అప్పటికింకా వేళ్లు దిగవు, కంకరకు బ్యాక్టీరియా పొర పూర్తిగా పట్టదు, ఆ అంకెలతో వచ్చిన కె మీ బెడ్‌ది కాదు.